మరమగ్గముల పట్టణమున స్త్రీల పలుకుబడి

2021లో జరుగవలసిన జనగణనము జరుగలేదు. 2027 మార్చి 1వ తేదీని ఆధారముగా గొని తదుపరి లెక్క తీయుదుమని భారత ప్రభుత్వము 2025 జూన్ 16న ప్రకటించెను. ఈ లెక్కతో స్త్రీలకు రెండు విధముల సంబంధము గలదు. లోకసభయందును, రాష్ట్ర శాసనసభలయందును మూడవవంతు స్థానములను స్త్రీలకు ప్రత్యేకించిన 2023 నాటి 106వ రాజ్యాంగ సవరణము, జనగణనమును దానివెనుక నియోజకవర్గముల పునర్విభజనమును ముగిసిన పిమ్మటనే ఆ ఏర్పాటు అమలునకు వచ్చునని నిర్దేశించినది. ఇది పాఠకులెఱిగిన విషయమే. రెండవ సంబంధమును గూర్చిన చర్చ తక్కువ. లెక్క వ్రాయువారు వాకిట నిలిచి, ఈ యింటి స్త్రీ యేమి పని చేయునని యడిగినపుడు ఏమని వ్రాసికొందురు? భివండిలో మన తెలుగువారు నివసించు పద్మనగరమున ఆ ప్రశ్నకు ఇంటిపని యను ఒక్క మాటతో సమాధానము ముగియు ఇండ్లు ఎన్నియో యుండును. ఆ మాట చెప్పునది తఱచుగా మగవాడే. ఆ సమయమునకు ఇంటి ఇల్లాలు కండెలు చుట్టుచుండవచ్చును.

భివండి ఠాణా జిల్లాలోని పట్టణము. ఉత్తర హిందూస్థానమునుండి వచ్చిన మోమిన్ నేతగాండ్రు ఇచట చేనేతను నిలిపిరి. 1930 ప్రాంతముల విద్యుత్తుతో నడచు మగ్గములు ప్రవేశించినవి. 1982 నాటి బొంబాయి మిల్లుల సమ్మె తరువాత మిల్లులు కుంటుపడగా, ఆ నేతపని చాలవఱకు ఇచటి షెడ్లకు మరలెను. కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ జిల్లాల పద్మశాలీలు తరతరములుగా ఇచటికి వలస వచ్చిరి. 2011 లెక్కలో పట్టణ జనసంఖ్య 7 లక్షలు దాటినది. మగ్గముకడ నిలుచువాడు పురుషుడు. పేకకు వలసిన నూలును కండెలకు చుట్టుట, నేసిన గుడ్డను పరికించి దారపు ముడులు కత్తిరించుట, మడత పెట్టుట మొదలగు పనులలో స్త్రీల చేయి హెచ్చు. కండె లేనిదే నాడె నడవదు. నాడె నడవనిదే గుడ్డ లేదు. అయినను షావుకారు చిట్టాలో మీటరునకింత యని మజూరి లెక్కకట్టునపుడు కనబడునది మగ్గపువాని పేరే గాని, కండె చుట్టినదాని పేరు కాదు. ఇటీవలి కాలమున పట్టణము చుట్టును వెలసిన గిడ్డంగులలో సరకులు కట్టు పనికిని స్త్రీలు పోవుచున్నారు. అచటను గుత్తేదారు జాబితాయే గతి.

ఇక రాజకీయముల సంగతి. మహారాష్ట్రమున 2011 మొదలు స్థానిక సంస్థలయందు సగము స్థానములు స్త్రీలవి. 90 స్థానముల భివండి నగరపాలక సంస్థకు 2017లో ఎన్నిక జరిగినపుడును ఈ నియమమే వర్తించెను. 2019 డిసెంబరులో మేయరు పదవికి ప్రతిభా విలాస్ పాటీల్‌గారు ఎన్నికైరి. (2007 నుండి 2012 వఱకు రాష్ట్రపతిగా నుండిన ప్రతిభా పాటీల్‌గారు వేఱు.) కాని ఈ మెట్టు దాటినచో దృశ్యము మాఱిపోవును. భివండి లోకసభ స్థానమునకు 2009, 2014, 2019, 2024 సంవత్సరములలో ఎన్నికలు జరిగినవి. నాలుగుమార్లును గెలిచినది పురుషుడే. పట్టణమునకు సంబంధించిన మూడు శాసనసభా స్థానములయందును ఈ కాలమున స్త్రీ యొక్కతెయు గెలువలేదు. ఇది భివండికి మాత్రమే పట్టిన దోషము గాదు. 2024లో లోకసభకు ఎన్నికైన 543 మందిలో స్త్రీలు 74 మంది. మహారాష్ట్ర శాసనసభలో 288 మందికి 21 మంది. 2023లో ఎన్నికైన తెలంగాణ శాసనసభలో 119 మందికి పదిమంది. శాసనము నిర్బంధించినచోట సగము, నిర్బంధము లేనిచోట ఏడింట ఒకవంతైనను లేదు. దీనినిబట్టి స్త్రీలకు సామర్థ్యము చాలదనువారి వాదమునకు ఆధారము లేదనియు, చాలనిది పార్టీలు ఇచ్చు టిక్కెట్లే యనియు తేటపడుచున్నది.

పలుకుబడి గల స్త్రీలనగా మన మనస్సునకు తోచువారు రాణులు, నాయకురాండ్రు, రచయిత్రులు. ఈ పరిపాటికి తెలుగున పునాది వేసిన గ్రంథము 'అబలా సచ్చరిత్ర రత్నమాల'. దానిని వ్రాసిన భండారు అచ్చమాంబ (1874-1905) భర్త యుద్యోగరీత్యా మధ్యపరగణాలలో కాపురముండెను. తమ్ముడు కొమఱ్ఱాజు లక్ష్మణరావు ఆమె యింటనే యుండి నాగపురమున చదువుకొనెను. అనగా తెలుగు స్త్రీలకు పూర్వ స్త్రీల చరిత్రములను కూర్చి యిచ్చిన విదుషి మరాఠీ సీమయందు బ్రతుకుచు, మరాఠీ చదివి, వలసలో నుండియే ఆ పని చేసినది. 1902లో బందరున స్త్రీసమాజమును నెలకొల్పుటలోను ఆమె చేయి గలదు. వలసవచ్చిన యాడుదానికి భాషయు పోవును, పుట్టింటి అండయు పోవును అని విచారించువారు ఈ యుదాహరణమును ఒకమాఱు తలచుట మంచిది.

రాణుల విషయమున మన చరిత్రకారులు యుద్ధములు, దేవాలయములు, దానశాసనములు వర్ణింతురే గాని మగ్గములను అంతగా పట్టించుకొనరు. అహల్యాబాయి హోల్కరు (1725-1795) కాశీ మొదలుగా పుణ్యక్షేత్రముల జీర్ణోద్ధరణ గావించెనని అందఱెఱుగుదురు. నర్మదాతీరమున తన రాజధాని మహేశ్వరమునకు నేతగాండ్రను రప్పించి నిలిపినదియు ఆమెయే. ఆ నేత క్షీణదశకు రాగా, 1970ల కడపట హోల్కరు వంశీయులైన రిచర్డు, శాలీ హోల్కరు దంపతులు 'రేవా' సంఘమును స్థాపించి స్త్రీలను మగ్గమున కూర్చుండబెట్టిరి. తెలుగునాట గద్వాల సంస్థానమును 1924లో భర్త మరణించిన పిదప ఆదిలక్ష్మీదేవమ్మ పాలించెను. పండితపోషణకు పేరుగన్న యా రాణి పేరు సాహిత్యచరిత్రలో నిలిచినది. ఆ సీమ పేరు చీరలపై నిలిచినది. రాచఱికము పోయినను నేత పోలేదు. ఐనను ఇదంతయు దయ మీద నిలిచిన పోషణ. రాణి చల్లగా చూచినంతకాలమే మగ్గమునకు నీడ. నేసినవారికి అడుగుటకు హక్కు లేదు.

హక్కుగా అడుగుట నేర్పిన స్త్రీ భివండికి పొరుగుననే పనిచేసినది. పుణెలో చదివి న్యాయశాస్త్ర పట్టము పొందిన గోదావరీ పరుళేకర్ (1907-1996) భర్త శ్యామరావుతో గూడి ఠాణా జిల్లా వార్లీల నడుమ కిసానుసభను నిర్మించెను. 1945 జనవరిలో కల్యాణ సమీపమున టిట్వాలాలో జరిగిన కిసానుల మహాసభకు తలాసరి, డహాణు ప్రాంతముల వార్లీలును వచ్చిరి. ఆ సంవత్సరమే వెట్టికి వ్యతిరేకముగా తిరుగుబాటు రేగినది. ఆ యనుభవములను ఆమె మరాఠీలో గ్రంథముగా వ్రాయగా అది 1970లో వెలువడి సాహిత్య అకాడమీ బహుమానమును పొందెను. రాజకీయమును సాహిత్యమును ఒక్క చేతిలో పట్టిన స్త్రీలు అరుదు. ఇంచుమించు ఆ కాలముననే తెలంగాణమున పాలకుర్తిలో ఐలమ్మ విసునూరు దేశముఖునకెదురు నిలిచి తన పంటను కాపాడుకొన్నది. ఆరుట్ల కమలాదేవి, మల్లు స్వరాజ్యము సాయుధ పోరాటమున దిగిరి. కమలాదేవి తరువాత ఆలేరునుండి మూడుమార్లు శాసనసభకు ఎన్నికయ్యెను. 2024లో కోఠి మహిళా విశ్వవిద్యాలయమునకు ఐలమ్మ పేరు పెట్టిరి. అక్షరము రాని రైతుస్త్రీ పేరు విశ్వవిద్యాలయపు ద్వారమున వెలయుట సంతోషకరమే. కాని 1986లో స్త్రీశక్తి సంఘటన ప్రకటించిన 'మనకు తెలియని మన చరిత్ర' చదివినవారికి వేఱొక సత్యము తెలియును. దళములలో నడచిన స్త్రీలలో పలువురను పోరాటము ముగియగానే ఇంటికి పొమ్మనిరి. వారి మాటలను ముప్పదియైదేండ్ల తరువాత స్త్రీలే పూనుకొని వెదకి వ్రాయవలసివచ్చెను.

ఇచట షోలాపురమును తలపక తప్పదు. అచటను మన పద్మశాలీలు వేలకొలది గలరు. మగవారు మగ్గములకు పోగా స్త్రీలు బీడీలు చుట్టుదురు. మాజీ శాసనసభ్యుడు ఆడం నరసయ్యగారి నాయకత్వమున కార్మిక సంఘము పోరాడి, కుంభారి యొద్ద స్త్రీ బీడీ కార్మికులకు పదివేల ఇండ్లు కట్టించెను. 2006లో నాటి ప్రధాని మన్‌మోహన్ సింగుగారు వానిని అంకిత మొనర్చిరి. ఆ కాలనీకి పెట్టిన పేరు గోదూతాయి పరుళేకర్. ఠాణా జిల్లా యడవులలో పనిచేసిన మరాఠీ స్త్రీ పేరు షోలాపురపు తెలుగు స్త్రీల ఇండ్లకు చేరినది! అదే ప్రాంతమున అసంఘటిత కార్మికులకై తలపెట్టిన 30 వేల ఇండ్లలో మొదటి 15 వేలను 2024 జనవరిలో ప్రధాని మోదీగారు అప్పగించిరి. కాంగ్రెసు ప్రధానియు భాజపా ప్రధానియు ఎఱ్ఱజెండా సంఘము కట్టించిన ఇండ్లకు విచ్చేసిరనిన, ఆ స్త్రీల సంఖ్యాబలము ఎట్టిదో ఊహింపవచ్చును.

ఆ బలమునకు మూలమేమి? నాయకుని పట్టుదలయా? కొంత నిజమే. కాని దాని యడుగున ఒక చిన్న కాగితము గలదు. 1966 నాటి బీడీ కార్మికుల శాసనము ఇంటికడ కూర్చుండి చుట్టు స్త్రీని సైతము కార్మికురాలిగా గుర్తించినది. 1976 నాటి సంక్షేమనిధి శాసనము ఆమెకు గుర్తింపు కార్డును, ఆ కార్డుతో వైద్యమును, పిల్లల చదువునకు వేతనమును, ఇంటికి సాయమును అడుగు నధికారమును ఇచ్చినది. కార్డుమీద నున్నది భర్త పేరు కాదు, ఆమె పేరు.

కండెలు చుట్టు స్త్రీకి అట్టి ప్రత్యేక శాసనము లేదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము విద్యుత్తు వాడుచోట పదిమంది పనివారున్ననే ఫ్యాక్టరీ యనెను. పదునాఱు మగ్గములను నలుగురి పేర నాలుగు షెడ్లుగా విడదీసి చూపినచో చట్టము వాకిటనే నిలిచిపోవును. 2020 నాటి వృత్తి భద్రతా స్మృతి 2025 నవంబరు 21న అమలునకు వచ్చుచు ఆ సంఖ్యను ఇరువదికి పెంచెను. చిన్న యజమానులకు చిక్కులు తగ్గింపవలెనను తలంపు తప్పు గాదు; నూలు ధరయు విద్యుత్తు వెలయు వారిని నలిపివేయుచున్న మాట మేమెఱుగుదుము. కాని ఈ పెంపువలన చట్టము వెలుపల మిగులువారిలో కండెల స్త్రీ మొదటిది. 2021 ఆగస్టులో ఆరంభమైన ఇ-శ్రమ్ పట్టికలో 30 కోట్లకు మించి పేర్లు చేరినవి, అందు సగమునకు పైగా స్త్రీలవే. పేరు చేరుట మంచిదే. కాని ఆమె యెవరికి పని చేయుచున్నదో, కూలి యెవరివలన రావలెనో ఆ పట్టిక తేల్చదు. బీడీ కార్డునకును దీనికిని గల భేదమిదే.

మహారాష్ట్రమునకు ఈ చిక్కు తెగు మార్గము తెలియనిది కాదు. మూటలు మోయు మాథాడీ హమాలీలకై 1969లోనే ఆ రాష్ట్రము శాసనము చేసి, కార్మికులను యజమానులను ఒకే మండలియందు నమోదుచేయించి, కూలియు దానిపై అదనపు సుంకమును మండలి ద్వారా చెల్లు నేర్పాటు గావించెను. దేశమునకు ఒజ్జబంతియైన శాసనమది. గుడ్డల మూటను మోసినవానికి వర్తించినది, ఆ గుడ్డకు కండె చుట్టినదానికి వర్తింపజేయుటకు అడ్డేమున్నదో బొంబాయి ప్రభుత్వపు పెద్దలు చెప్పవలెను. కండెల కూలి తూకము ప్రకారమే యిచ్చుదురు గావున లెక్కకు కష్టము లేదు. నూలునిచ్చు వ్యాపారికి పేరు గలదు, దుకాణము గలదు. సుంకము షెడ్డు యజమానిపై గాక ఆ వ్యాపారిపై మోపినచో చిన్నవాని మెడకు ఉరి కాబోదు.

భివండి నగరపాలక సభలో స్త్రీలకు గల సగము స్థానములు ఈ పట్టున అక్కఱకు రావలెను. కార్మిక శాసనము నగరపాలక సంస్థ చేతిలోనిది గాదన్నది నిజమే. కాని వార్డువారీగా ఏ గల్లీలో ఎందఱు స్త్రీలు కండెలు చుట్టుచున్నారో సర్వే చేయుమని తీర్మానించి రాష్ట్ర ప్రభుత్వమునకు పంపుటను ఏ చట్టమును ఆపదు. భార్య సభ్యురాలుగాను, భర్త దస్త్రములు చూచువాడుగాను నడచుచున్నారని దేశమంతట వినబడు నిందకు ఇంతకు మించిన సమాధానముండదు.

జనగణన నిర్వచనము ఈ స్త్రీలకు ప్రతికూలముగా లేదు. కూలి ముట్టినను ముట్టకున్నను ఉత్పత్తికి తోడ్పడునది పనియే యని 2011 సూచనలు స్పష్టముగా చెప్పినవి. లోపము ప్రశ్నయందు లేదు, ప్రశ్న నడుగుటయందును జవాబు చెప్పుటయందును గలదు. లెక్కకు వచ్చువారిలో ఉపాధ్యాయినులు పలువురుందురు. ఇంటి స్త్రీనే పిలిచి, గడచిన యేడాదిలో ఎన్ని నెలలు కండెలు చుట్టితివమ్మా, గిడ్డంగికి ఎన్ని నెలలు పోయితివమ్మా యని తెలుగుననో హిందీయందో అడిగినచో ఆమెయే చెప్పును. తెలుగు కుల సంఘములవారు పెండ్లి మండపములకును దేవాలయములకును వెచ్చించు పూనికలో పదవవంతు దీనికి వెచ్చించి, ఆ ప్రశ్నను తెలుగున అచ్చొత్తించి గడపగడపకు పంచవచ్చును. ఆ లెక్కకు మున్ను వచ్చు బతుకమ్మ పండుగ 2026 అక్టోబరులోనిది. పద్మనగరపు స్త్రీలు ఆ దినములలో ఎవరును పిలువకయే ఒకచోట కూడుదురు. కరపత్రము పంచుటకు వేఱొక సభ అక్కఱలేదు.