మూర్ఛకు తాళం చెవి మందు కాదు

మధురవాడ కూడలిలో ఎవరైనా మూర్ఛ వచ్చి పడిపోతే ఏం జరుగుతుంది? క్షణంలో పదిమంది మూగుతారు. ఒకరు చేతిలో తాళం చెవులు పెడతారు. మరొకరు ముక్కు దగ్గర ఉల్లిపాయ పెడతారు. ఇంకొకరు పళ్ల మధ్య చెంచా దూరుస్తారు. రెండు మూడు నిమిషాల్లో కొట్టుకోవడం ఆగుతుంది. తాళం చెవి పనిచేసిందని అందరూ నమ్ముతారు. నిజానికి చాలావరకు మూర్ఛలు వాటంతట అవే ఆగిపోతాయి.

మూర్ఛ గాలి కాదు, శాపం కాదు, అంటువ్యాధి అంతకన్నా కాదు. మెదడులోని నరకణాలు స్వల్పమైన విద్యుత్తుతో పనిచేస్తాయి. అది ఒక్కసారిగా అదుపు తప్పితే మూర్ఛ వస్తుంది. కాన్పు కష్టమై బిడ్డకు ప్రాణవాయువు అందకపోవడం, తలకు దెబ్బ, మెదడువాపు, పక్షవాతం ఇందుకు కొన్ని కారణాలు. పందుల ద్వారా వచ్చే బద్దెపురుగు గుడ్లు మురికినీటి వల్ల, కడగని ఆకుకూరల వల్ల కడుపులో చేరినా, దాని పిల్లపురుగులు మెదడుకు చేరి మూర్ఛ తెస్తాయి. కనుక మాంసం ముట్టనివారికీ రావచ్చు. చాలామందిలో కారణం దొరకదు కూడా.

కింద పడి కొట్టుకోవడం ఒక్కటే లక్షణం కాదు. పాఠం వింటూ కొన్ని క్షణాలు శూన్యంలోకి చూస్తూ ఉండిపోయే పిల్లకు ఉన్నది పరధ్యానం కాక మూర్ఛే కావచ్చు. ఉపాధ్యాయులు ఈ సంగతి గమనించాలి.

రోగ నిర్ణయానికి వైద్యునికి ముందుగా కావలసింది కళ్లారా చూసినవారి మాట. ఎలా మొదలైంది, ఎంతసేపు ఉంది, తెలివి ఉందా లేదా చెప్పాలి. సెల్‌ఫోనులో తీసి చూపితే ఇంకా మేలు. ఆపైన మెదడు విద్యుత్తును నమోదు చేసే ఇ.ఇ.జి., అవసరమైతే స్కానింగు చేస్తారు. విశాఖ కింగ్ జార్జి ఆస్పత్రిలో నరాల వైద్య విభాగం ఉంది.

ప్రపంచంలో సుమారు 5 కోట్ల మందికి ఈ జబ్బు ఉన్నదనీ, సరైన వైద్యం అందితే నూటికి 70 మంది వరకు మూర్ఛలు లేకుండా బతకవచ్చుననీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కానీ మాత్రలు రోజూ వేసుకోవాలి. బాగుందని సొంతంగా మానితే మూర్ఛ మళ్లీ వచ్చి ప్రాణం మీదికి తెస్తుంది.

మన ఊళ్లలో అసలు చిక్కు ఇక్కడే ఉంది. పెళ్లి కాదేమోనని ఆడపిల్లల జబ్బు దాస్తారు. అత్తవారింట ఎవరైనా చూస్తారని ఆ పిల్ల మాత్రలు మానేస్తుంది. తర్వాత పొయ్యి దగ్గరో, నూతి దగ్గరో పడిపోతుంది. పెళ్లి రద్దుకు మూర్ఛను ఒక కారణంగా చూపే మాటను హిందూ వివాహ చట్టం నుంచి 1999లోనే తొలగించారు. చట్టం మారినా మన మనసులు మారలేదు.

మూర్ఛ వచ్చినవారిని పక్కకు తిప్పి పడుకోబెట్టండి. చుట్టూ ఉన్న రాళ్లు, గాజు వస్తువులు తీసేయండి. నోట్లో ఏమీ పెట్టవద్దు, నీళ్లు పోయవద్దు. 5 నిమిషాలు దాటినా, తెలివి రాకుండానే మళ్లీ వచ్చినా 108కి ఫోను చేయండి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో మూర్ఛ మాత్రలు ఏ రోజూ లేవనిపించుకోకుండా అధికారులు చూడాలి. జబ్బును దాచకుండా వైద్యునికి చూపించడం మన బాధ్యత.