యంత్రం లెక్కకెక్కని ప్రయాణీకులు

శ్రీకాకుళం: పల్లె వెలుగు బస్సులో కండక్టరు చేతిలోని చిన్న యంత్రం పని టిక్కెట్టు ఇవ్వటంతో అయిపోవటం లేదు. ఏ ఊరికి బస్సు నడపాలి, ఏ ఊరికి ట్రిప్పు తగ్గించాలి అన్న నిర్ణయానికి కావలసిన లెక్కను కూడా అదే పోగు చేస్తోంది. శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం మన్యం జిల్లాల పల్లె ప్రజలు ఈ సంగతిని ఇంకా అంతగా పట్టించుకున్నట్టు లేదు.

పూర్వం కండక్టర్లు కాగితం టిక్కెట్లు చించి ఇచ్చి, స్టేజీ స్టేజీకి ఎస్సార్ ఫారంలో నెంబర్లు వేసేవారు. ఆ కాగితాలు డిపోలో కట్టలుగా పడి ఉండేవి. తర్వాత టిమ్స్ యంత్రాలు వచ్చాయి. డ్యూటీ దిగాక యంత్రాన్ని డిపోలో అప్పగిస్తే లెక్క కంప్యూటరుకు ఎక్కేది. 2022 ప్రాంతం నుంచి వచ్చిన ఈ-పోస్ యంత్రాలలో సిమ్ ఉంటుంది. కార్డుతోనూ, ఫోన్‌పే వంటి వాటితోనూ టిక్కెట్టు కొనవచ్చు. చిల్లర లేదని కండక్టరు టిక్కెట్టు వెనుక బాకీ రాసి ఇవ్వటం, దిగే హడావుడిలో దానిని మరచిపోవటం ఎరుగని ప్రయాణీకుడు ఈ ప్రాంతంలో ఉండడు. ఆ బాధ చాలావరకు తగ్గింది. అయితే ఫోనుతో డబ్బు కట్టాలంటే ఆ క్షణంలో సిగ్నలు ఉండాలి. సీతంపేట, గుమ్మలక్ష్మీపురం వైపు కొండ దారులలో దానిని నమ్ముకుని చేతిలో పైసా లేకుండా బస్సు ఎక్కటం తెలివైన పని కాదు.

2025 ఆగస్టు 15న స్త్రీ శక్తి పథకం మొదలైన తర్వాత యంత్రం ప్రాధాన్యం మరింత పెరిగింది. పల్లె వెలుగు, అల్ట్రా పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో మహిళలు ఆధార్, ఓటరు కార్డు, రేషన్ కార్డులలో ఏదో ఒకటి చూపితే కండక్టరు సున్నా టిక్కెట్టు ఇస్తాడు. ఆ ఛార్జీని ప్రభుత్వం సంస్థకు చెల్లించాలి. అంటే టిక్కెట్టు కొట్టకపోతే సంస్థకు నష్టం. సంత రోజున కాలు పెట్టే చోటు లేని బస్సులో, తర్వాతి స్టేజీ వచ్చేలోగా అందరికీ టిక్కెట్లు కొట్టటం ఒక్క మనిషి వల్ల అయ్యే పనేనా అన్నది అధికారులు ఆలోచించవలసిన విషయం.

ఇందులో ఎవరి కంటికీ కనిపించని చిక్కు ఒకటి ఉంది. డబ్బిచ్చి కొన్నప్పుడు ఒక్క స్టేజీ ఎక్కువ కొట్టినా ప్రయాణీకుడు ఊరుకోడు, తగువు పెట్టుకుంటాడు. ఆ తగువే లెక్కను సరిగ్గా ఉంచేది. సున్నా టిక్కెట్టు మీద ఎక్కిన ఊరు, దిగే ఊరు ఏమని పడ్డాయో చూసుకునే వారు అరుదు. రద్దీలో అందరికీ పెద్ద స్టేజీ పేరే కొట్టుకుపోతే, మధ్యలో దిగే చిన్న ఊళ్ళు కాగితం మీద మాయమవుతాయి.

అసలు బస్సు ఎక్కని వారి సంగతి వేరు. నిండిపోయిన బస్సు చెయ్యెత్తినా ఆగకపోతే, ఆ మనుషులు ఆటోలో పోతారు. యంత్రానికి వారు లేనట్టే. బస్సే రాని ఊరికి టిక్కెట్లు ఉండవు. టిక్కెట్లు లేవు కనుక బస్సు అక్కర లేదని తేల్చటం కూడా సులువే. రాష్ట్రం దాటే సర్వీసులలో ఈ పథకం వర్తించదు కనుక, పాతపట్నంలో దిగి ఆటోలో పర్లాకిమిడి వెళ్ళే మహిళ ప్రయాణం పాతపట్నంతోనే ముగిసినట్టు లెక్క పడుతుంది. అవతలి ఒడ్డున ఆమెకు ఆసుపత్రి పని ఉందో, బజారు పని ఉందో యంత్రానికేం తెలుసు?

ఏ యంత్రం కొనాలన్నది విజయవాడలో తేలే విషయం. కొనటం కంటె నడపటమే కష్టమని బెంగళూరు నగర బస్సుల అనుభవం చెబుతోంది. అక్కడ 2016లో బస్సుల జాడ తెలిపే పరికరాలు, టిక్కెట్టు యంత్రాలు కలిపి పెద్ద ఎత్తున పెట్టారు. కొన్నేళ్ళకు యంత్రాలు మొరాయించి కండక్టర్లు మళ్ళీ కాగితం టిక్కెట్లు పట్టుకోవలసి వచ్చింది. కనుక ధర ఎంత అన్నదానితో పాటు బ్యాటరీ రాత్రి ట్రిప్పు వరకు నిలుస్తుందా, పలాసలోనో సాలూరులోనో చెడిపోతే బాగు చేసేదెవరు, డిపోలో అదనపు యంత్రాలెన్ని అన్నవి ముందే ఒప్పందంలో ఉండాలి. బస్సు ఎక్కడుందో చూపే లైవ్ ట్రాక్ కూడా స్మార్టు ఫోను ఉన్న వారికే చుట్టం. కూడలిలో ఒక బోర్డు, కాంప్లెక్సులో తెలుగులో వినిపించే మైకు అందరికీ పనికొస్తాయి.

ఊరివారు చేయగలిగింది కూడా లేకపోలేదు. వారం రోజులు ఉదయం, సాయంత్రం రోడ్డు మీద నిలబడిన వారెందరు, బస్సు ఆగకుండా పోయింది ఎన్నిసార్లు, కాలేజీ పిల్లలెందరు, ఆటో ఎక్కిన వారెందరు అని తేదీలతో పుస్తకంలో రాసి, సర్పంచి సంతకంతో డిపో మేనేజరుకు ఇవ్వవచ్చు. సోమవారాలలో కలెక్టరేట్లలో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలోనూ దాని నకలు దాఖలు చేసి రసీదు తీసుకోవచ్చు. అప్పుడు యంత్రం అంకెల పక్కన ఊరి అంకెలు కూడా పెట్టి చూడాలని అడగటానికి వీలుంటుంది.