పేజీ వెనక రోజ్‌నామ్‌చా

మన పిల్లలు ఏలూరులో స్కాలర్‌షిప్ కోసం, కైకలూరులో మనవాళ్లు చేపల రేటు కోసం ఫోన్‌లో పేజీ తెరుస్తారు. వెనక జావాస్క్రిప్ట్ ఏ ఫంక్షన్‌ని పిలిచిందో ఎవరికీ ఖబర్ ఉండదు.

2016లో ప్రిన్స్‌టన్ పరిశోధకులు ఓపెన్‌డబ్ల్యూపీఎం సాధనంతో 10 లక్షల సైట్ల హిసాబ్ తీశారు. 14 వేలకు పైగా సైట్లు కనబడని బొమ్మ గీయించి, దాన్నిబట్టి మెషీన్‌ని గుర్తుపడుతున్నాయని తేలింది.

పేజీలోనే పహరా పెడితే పేజీ పసిగట్టగలదు. అందుకే 2019లో నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీ వాళ్లు విజిబుల్‌వీ8 పేరుతో క్రోమియంలోని ఇంజిన్‌నే మార్చి, బ్రౌజర్‌కి వెళ్లే పిలుపులను అక్కడే రాయించారు. కాటా పక్కన మనిషిని నిలబెట్టడం వేరు, కాటాయే లెక్క రాయడం వేరు.

ఈ సాధనాలు ముఫ్త్‌గా దొరుకుతాయి. ఇంజినీరింగ్ చదివే మన పిల్లలు ఈ హునర్ నేర్చి, మన జనం వాడే సైట్ల రోజ్‌నామ్‌చా బయటపెట్టాలి. ఏం తీసుకుంటున్నారో తెలియకుండా ఇచ్చిన ఇజాజత్, రజామందీ ఎలా అవుతుంది?