జిడ్డు వదిలితేనే సిమెంటు పట్టేది!

కామారెడ్డి, ఎల్లారెడ్డి రైతులకు బోరు సంగతి ఒకరు చెప్పనక్కర్లేదు. పైన మెత్తటి మట్టి ఉన్నంతవరకే కేసింగ్ పైపు. ఆ కింద రాయే గోడలా నిలబడుతుంది. తవ్వడం అయ్యాక కంప్రెసర్‌తో ఫ్లషింగ్ చేస్తే బురదా, రాతిపొడీ బయటికొచ్చేస్తాయి. అంతే, బోరు శుభ్రం.

అదే కోనసీమలో చమురు బావి అయితేనో? అక్కడ నేల, నది తెచ్చి పోసిన పొరలు. లోతు కిలోమీటర్లలో ఉంటుంది. దారిలో తగిలే కొన్ని బంకమట్టి రాళ్లు నీళ్లు తగిలితే చాలు, ఉబ్బి విరిగిపడతాయి. అలాంటి చోట నీటి బదులు నూనెతో కలిపిన బురద వాడతారు. పని బాగానే చేస్తుంది కానీ పైపుకీ, బావి గోడకీ జిడ్డు అంటించి పోతుంది. ఆ తర్వాత పైపు చుట్టూ సిమెంటు పోయాలి. జిడ్డు గోడకి సున్నం పట్టదు కదా, సిమెంటూ అంతే! పట్టు లేనిచోట సందు, ఆ సందులోంచి గ్యాస్.

గ్యాస్ అదుపు తప్పితే ఏమవుతుందో పాశర్లపూడి చూసింది. 1995 జనవరి 8న బావిలో మొదలైన ఉపద్రవం 65 రోజులకు గానీ చల్లారలేదు. 2010లో గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో డీప్‌వాటర్ హొరైజన్ రిగ్గుపై 11 మంది చనిపోయారు. బావి అడుగున సిమెంటు గ్యాస్‌ని ఆపలేకపోవడం కారణాల్లో ఒకటని విచారణలో తేలింది. ఈ రెంటికీ జిడ్డే కారణమని కాదు. బావిలో ఏ పనీ చిన్నది కాదని మాత్రం తెలుస్తుంది.

మరి పీచు పెట్టి తోమలేని లోతులో జిడ్డు వదిలేదెలా? వంటింటి సూత్రమే. సబ్బు అణువుకి ఒక కొస నీటిని పట్టుకుంటుంది, రెండోది నూనెని. ఇలాంటి పదార్థాలను నీరు, నూనెలతో సరైన పాళ్లలో కలిపితే మైక్రోఎమల్షన్ తయారవుతుంది. అందులో బొట్లు 10 నుంచి 100 నానోమీటర్లు. వెంట్రుక మందంలో వెయ్యోవంతు అన్నమాట. అందుకే పాలలా తెల్లగా కాక నీళ్లలా తేటగా కనిపిస్తుంది. నూనెకీ నీటికీ మధ్య బిగువును దాదాపు లేకుండా చేసి, పెద్దగా రుద్దకుండానే జిడ్డును తనలో కలుపుకుంటుంది.

నానోఎమల్షన్ దీని చుట్టమే. కాకపోతే మైక్రో తనంతట తానే కుదురుకుంటుంది, నానోని గట్టిగా చిలకాలి. కొన్నాళ్లకు విడిపోతుంది కూడా. తమాషా ఏమిటంటే, పేరుకి నానో అయినా దాని బొట్లే తరచూ పెద్దవి!

ఒక బావికి కుదిరిన పాళ్లు మరో బావికి కుదరకపోవచ్చు. వేడి, ఉప్పు మారితే మిశ్రమం స్వభావమే మారిపోతుంది. అందుకే ముందు ల్యాబులో పరీక్షిస్తారు. ఉక్కు ముక్కకు అదే బావి బురద పూసి, బావిలో ఉండేంత వేడిలో ఈ ద్రవంలో తిప్పుతారు. తీశాక దానిమీద నీళ్లు బొట్లుగా నిలిస్తే జిడ్డు ఉన్నట్టే, మళ్లీ మొదటికి రావాలి. పలచగా పరుచుకుంటే ఇక సిమెంటు కలపొచ్చు.