తోటివారి మాటే ధైర్యం

పల్నాడు జిల్లా ధరణికోటలో టైప్‌-1 మధుమేహం ఉన్న తొమ్మిదో తరగతి పిల్లను ఊహించుకోండి. మధ్యాహ్న భోజనం గంట కొట్టగానే ఇన్సులిన్‌ పెన్నును చున్నీ చాటున దాచుకుని మరుగుదొడ్డి వైపు నడుస్తుంది. ఎవరైనా చూస్తారన్న బెరుకుతో ఒక్కోసారి డోసు మానేస్తుంది. ‘రేపు పెళ్లెలా అవుతుందో’ అన్న చుట్టాల మాట సూది కంటే లోతుగా గుచ్చుకుంటుంది.

తలసీమియా పిల్లలకైతే రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఆ జబ్బును వైకల్యంగా గుర్తించింది. మందు, రక్తం, చట్టం సరే. మనసులోని దిగులు మాటేమిటి?

అమ్మతోనూ చెప్పుకోలేనిది, అదే సూది వేసుకునే ఇంకో పిల్లతో ఇట్టే చెప్పుకోవచ్చు. ఆ రెండో పిల్ల ఊళ్లో ఉండకపోవచ్చు. మాచర్లలోనో గురజాలలోనో ఉండొచ్చు. వాళ్లను కలపగలిగేది ఫోనే.

గుంటూరు పెద్దాసుపత్రి పిల్లల విభాగం వారానికో సాయంత్రం ఇలాంటి పిల్లలను చిన్న బృందాలుగా వీడియోలో కూర్చోబెట్టాలి. నర్సో కౌన్సెలరో తప్పక ఉండాలి. పసరు మందులు అమ్మేవాళ్లను దరిచేరనివ్వకూడదు, పిల్లల మాటలు రికార్డు చేయకూడదు. సొంత ఫోను లేనివారికి గ్రామ సచివాలయంలో ఓ గది ఇవ్వాలి. 2022లో మొదలైన మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్‌ 14416 నంబరులో ఒక్కొక్కరి గోడు వింటోంది. ఈ బృందాలనూ దానికి జోడించి, వచ్చే జూన్‌లో బడులు తెరిచేలోగా పల్నాడులో ప్రారంభించాలి.