పడవకు బాడుగ ఇద్దాం, డాల్ఫిన్‌కు కాదు

ఈ ఏడు మన తెలుగు శాఖ యాత్ర ఒడిశాలోని చిలికా సరస్సుకు అనుకుంటున్నాం కదా. హంపి అయిపోయింది, మంత్రాలయం అయిపోయింది, బాదామి కూడా అయిపోయింది. మనలో సగంమంది సముద్రం మొహం కూడా చూడలేదు. "ఒక పడవ మనకోసమే మాట్లాడుకుందాం, పొద్దున్నుంచి సాయంత్రం దాకా నీళ్లమీదే ఉందాం, డాల్ఫిన్లను చూద్దాం" అని పోయిన వారం క్లాసులో అనుకున్నప్పుడు అందరి కళ్లూ మెరిశాయి. నాకూ సంతోషమే.

అయితే ఆ రోజు చివర్లో ఒక మాట వచ్చింది. "డాల్ఫిన్ కనిపిస్తేనే డబ్బులిస్తామని పడవాయనతో ముందే చెప్పేద్దాం." అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. హాస్టలుకు వచ్చాక మాత్రం ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు. ఎందుకో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ముందుగా నా తప్పు చెప్పుకోవాలి. పోయినేడు మా పెద్దమ్మవాళ్లతో పడమటి తీరంలో ఒక ఊరికి వెళ్లాం. అక్కడ గంటసేపు తిప్పే పడవ ఎక్కాం. డాల్ఫిన్ కనపడకపోతే డబ్బులు వాపసు అని ముందే ఒప్పందం. అరగంట గడిచినా ఏమీ కనిపించలేదు. మేం సణగడం మొదలుపెట్టాం. పడవాయన మొహం వాడిపోయింది. అంతలో దూరంగా నీళ్లలో రెండు వీపులు తేలాయి, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. ఆయన ఇంజను బిగించి అటే ఉరికించాడు. మిగతా పడవలు కూడా చూసి అటే వచ్చాయి. నేను లెక్కపెట్టాను, మొత్తం ఎనిమిది. మధ్యలో ఆ రెండే. ఎటు తేలితే అటు ఒక పడవ. పెద్దది ఒకవైపు, చిన్నది ఇంకోవైపు తేలాయి. "ఇంకా దగ్గరికి పోనీ అన్నా, ఫోటో రావడంలేదు!" అని అరిచింది ఎవరో కాదు, నేనే. ఫోటోలో వచ్చింది మాత్రం పక్క పడవలోవాళ్ల తలకాయలు.

ఆ రోజు పడవాయన్ని తిట్టుకుంటూ ఇంటికొచ్చాను. ఇప్పుడు ఆలోచిస్తే ఆయన చేసింది మేం చెప్పిన పనే. కనిపిస్తేనే కూలి అన్నది మేము. సాయంత్రానికి ఇంట్లో పొయ్యి వెలగాలంటే ఆయన తరమక ఏం చేస్తాడు?

ఇప్పుడు చిలికా సంగతి. రాయచూరువాళ్లం మనం రెండు నదుల మధ్య పుట్టినవాళ్లం. కృష్ణలో మొసళ్లున్నాయి, తుంగభద్రలో నీటికుక్కలున్నాయి, డాల్ఫిన్లు లేవు. దగ్గరలో చూడాలంటే మన రాష్ట్రంలోనే కార్వార్ వైపు సముద్రం ఉంది. అయినా చిలికాయే మేలని నా అభిప్రాయం. అక్కడివి ఐరావతి డాల్ఫిన్లు. బర్మాలోని ఐరావతి నది పేరు వాటికి పెట్టారు గానీ, శాస్త్రలోకానికి ఆ జాతి మొదట తెలిసింది తెలుగునేల మీదనుంచే. 1852లో విశాఖపట్నం రేవులో దొరికిన ఒక డాల్ఫిన్ ఆధారంగానే రిచర్డ్ ఓవెన్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు 1866లో ఆ జాతిని వర్ణించాడు. దాన్ని సేకరించింది వాల్టర్ ఎలియట్. అమరావతి స్తూపం శిల్పాలను తవ్వించి మద్రాసుకు చేర్చిన ఎలియట్ దొరే ఈయన. మన సాహిత్య చరిత్ర పాఠాల్లో అమరావతి వస్తుంది, ఈ డాల్ఫిన్ రాదు.

ఇంకొక సంబంధం కూడా ఉంది. మన జిల్లాలోని మస్కి శాసనం అందరికీ తెలుసు. 1915లో అది దొరికాకే, శాసనాల్లోని దేవానాంప్రియుడు అశోకుడేనని తేటపడింది. ఆ అశోకుడే తన ఐదో స్తంభశాసనంలో చంపకూడని జంతువుల జాబితా ఒకటి చెక్కించాడు. అందులో 'గంగాపుపుటక' అనే పేరుంది. అది గంగానది డాల్ఫినే అని చాలామంది పండితుల మాట. రెండువేల ఏళ్ల కిందటే ఒక రాజు దీన్ని చంపవద్దని రాతిమీద రాయించాడు. ఆ గంగా డాల్ఫిన్‌నే 2009లో మన దేశం జాతీయ జలచరంగా ప్రకటించింది. మనం చంపడానికి పోవడంలేదు, చూడడానికే పోతున్నాం అంటారు మీరు. నిజమే. కానీ చూడడం కూడా ఎట్లా చూస్తున్నామన్న దాన్నిబట్టి ఉంటుంది.

చిలికా చిన్న చెరువు కాదు. వేసవిలో సుమారు 900 చదరపు కిలోమీటర్లు, వానలకు నిండితే 1,100 దాటుతుంది. అంత నీటిలో ఉన్న డాల్ఫిన్లు, ఇటీవలి లెక్కల ప్రకారం, సుమారు 150. మన కాలేజీ ఒక్క సెక్షన్ రెండుసార్లు హాజరు పిలిస్తే అయిపోయే లెక్క. ప్రపంచం మొత్తంమీద ఈ జాతి అంతరించే ప్రమాదంలో ఉంది. ఆడది పధ్నాలుగు నెలలు మోసి ఒక్క పిల్లనే కంటుంది, మళ్లీ కనడానికి రెండుమూడేళ్లు పడుతుంది. కాబట్టి అక్కడ ఒక్క తల్లికి దెబ్బ తగిలినా చిన్న నష్టం కాదు.

దెబ్బ ఎట్లా తగులుతుంది? ఒకటి, చేపల వలల్లో చిక్కి. డాల్ఫిన్ చేప కాదు, మనలాగా ఊపిరితిత్తులతో గాలి పీల్చే జీవి. వలలో ఇరుక్కుని పైకి రాలేకపోతే ఊపిరాడక చస్తుంది. రెండు, పడవ ఇంజను రెక్కలు తగిలి. మూడోది కంటికి కనపడనిది, మోత. కలకనీళ్లలో డాల్ఫిన్ చూపుకంటె చెవిని నమ్ముకుంటుంది. తాను చేసే శబ్దం ప్రతిధ్వనిగా తిరిగొస్తే దాన్నిబట్టి చేపను కనిపెడుతుంది, పిల్లను కనిపెట్టుకుంటుంది. చుట్టూ నాలుగు ఇంజన్లు మోగుతుంటే దానికి మనం కళ్లకు గంతలు కట్టినట్టే.

ఇంకోమాట. సినిమాల్లో, పోస్టర్లలో చూసినట్టు ఈ డాల్ఫిన్ గాల్లోకి ఎగిరి పల్టీలు కొట్టదు. మూతి పొడుగ్గా ఉండదు, తల గుండ్రంగా ఉంటుంది. వీపుమీద చిన్న రెక్క. ఊపిరికోసం మెల్లగా తేలి, ఒక్క క్షణం కనపడి మునిగిపోతుంది. సిగ్గరి జంతువు. అది తెలియకుండా పోతే "ఇంతేనా?" అనిపిస్తుంది. ఆ "ఇంతేనా" అన్నమాటే పడవాయన చేత తరిమిస్తుంది.

అందుకే నేననేది, రోజంతా మనకోసమే పడవ మాట్లాడుకోవడం మంచి ఆలోచన. దుబారా అని కొందరన్నారు, నేను ఒప్పుకోను. గంట బేరం పడవలో టైము తక్కువ, కాబట్టి తొందర ఎక్కువ. తెలియని మనుషుల మధ్య ఇరుక్కుని కూర్చోవాలి. మన పడవైతే మన వేగం మనది, మన మాట చెల్లుతుంది. అయితే రోజంతా అంటే పది చోట్లు తిరగడం అనుకోకూడదు. కాళీజాయి గుడి, నలబాణ పక్షులు, సముద్రంలో కలిసే మొగ, డాల్ఫిన్లు అన్నీ ఒక్కరోజులో అంటే మళ్లీ ఉరుకులే. డాల్ఫిన్లు ఎక్కువగా ఉండేది సాతపడా వైపు, అంటే పూరీ నుంచి సుమారు 50 కిలోమీటర్లు. బాలుగావ్ స్టేషను చిలికా ఒడ్డునే ఉంది కదా అని అక్కడ దిగితే సరస్సుకు అవతలి పక్కన తేలతాం. కాబట్టి పూరీలో దిగి, రాత్రి అక్కడే ఉండి, తెల్లవారుజామున సాతపడా చేరాలి. పొద్దున గాలి తక్కువ, నీళ్లు అద్దంలా ఉంటాయి, చిన్న రెక్క తేలినా కనపడుతుంది. డిసెంబరు, జనవరి నెలలైతే వలస పక్షులు కూడా ఉంటాయి.

మధ్యాహ్నం ఒకసారి ఒడ్డుకు రావాలి. ఇది ఎవరూ పైకి చెప్పని సంగతి గనక నేను చెప్తున్నాను. ఆ పడవల్లో మరుగుదొడ్డి ఉండదు. ఆ భయానికి పొద్దున్నుంచి నీళ్లు తాగకుండా కూర్చుని, సాయంత్రానికి తలనొప్పితో దిగడం మన ఆడపిల్లలకు అలవాటే. ఒంటిగంటకు ఒడ్డు, భోజనం, విశ్రాంతి, మళ్లీ మూడింటికి పడవ. ప్లానులో ముందే రాసుకుందాం.

పడవాయనతో ఒప్పందం ఇట్లా ఉండాలని నా ప్రతిపాదన.

మొదటిది, బాడుగ రోజుకు. డాల్ఫిన్ కనిపించినా, కనిపించకపోయినా పూర్తిగా ఇస్తాం. ఎక్కకముందే ఈ మాట ఆయనకు అర్థమయ్యేలా చెప్పాలి. మనకు ఒడియా రాదు, హిందీలో చెప్పొచ్చు. పూరీ తీరంలో పెంఠకటా అనే చోట తెలుగు మాట్లాడే జాలర్లే ఉన్నారు, అక్కడ వాళ్లను నోలియాలంటారు. చిలికా జాలర్లలో కూడా నోలియాలున్నారు. మన అదృష్టం బాగుంటే తెలుగులోనే బేరం కుదురుతుంది.

రెండోది, డాల్ఫిన్ తేలిన వెంటనే ఇంజను మెల్లగా చేసి, ఆపేయాలి. ఎదురుగా పోకూడదు, వెంట తరమకూడదు. అమెరికా ప్రభుత్వ సముద్ర శాఖ తమ జనానికి చెప్పే లెక్క కనీసం 50 గజాల దూరం, అరగంటకు మించకుండా చూడడం. మనం కూడా అదే పాటిద్దాం. అదే మన దగ్గరికి వస్తే మంచిదే, కదలకుండా కూర్చుందాం.

మూడోది, అక్కడ ముందే వేరే పడవలుంటే మనం పోము. తొమ్మిదో పడవ కావద్దు.

నాలుగోది, లైఫ్ జాకెట్ లేకుండా ఎవరూ ఎక్కకూడదు, సెల్ఫీ కోసమైనా విప్పకూడదు. పడవాయన ఎంతమందిని ఎక్కించుకోగలనంటే అంతమందే. మిగతావాళ్లకు ఇంకో పడవ.

దీనికి వచ్చే అభ్యంతరం నాకు తెలుసు. "నువ్వు ఒకసారి చూశావు కాబట్టి చెప్తున్నావు. మా నాన్న వడ్ల డబ్బులోంచి ఇస్తున్నాడు. అంతదూరం పోయి ఖాళీ నీళ్లు చూసి రావాలా?" అని సింధనూరు వైపునుంచి వచ్చే నా స్నేహితురాలు మొహంమీదే అడిగింది. సరైన ప్రశ్నే. ఆమెకు నా జవాబు రెండు మాటలు. రోజంతా, నెమ్మదిగా, పొద్దున్నే పోతే కనపడే అవకాశం గంట బేరంకంటె ఎక్కువ. ఈ డాల్ఫిన్లు అక్కడే స్థిరంగా ఉండేవి, వచ్చిపోయేవి కావు. రెండోమాట, కనపడకపోవచ్చు కూడా. ఆ సంగతి ఇంట్లో డబ్బు అడిగేటప్పుడే చెప్పి అడుగుదాం. చిలికాకు పోతున్నాం అని చెప్దాం, డాల్ఫిన్ చూపిస్తారు అని చెప్పొద్దు.

ఇంకో అభ్యంతరం మేడం దగ్గరనుంచి వచ్చింది. "అంత బాధ ఉంటే పోకుండా ఉండడమే మేలు కదమ్మా?" అన్నారు. దానికీ ఆలోచించాను. ఎవరూ పోకపోతే పడవ నమ్ముకున్నవాళ్లు మళ్లీ వలే వేసుకోవాలి. డాల్ఫిన్ బతికి ఉంటేనే తమకు కూడు అని జాలరికి అనిపించడం ఆ జంతువుకు రక్ష. మన బాడుగ ఆ రక్షకు పనికిరావాలి, తరమడానికి కాదు. అందుకని పోవాలనే నా ఓటు.

కురవపురం పోయినవాళ్లకు ఒక సంగతి గుర్తుండే ఉంటుంది. కృష్ణలో పుట్టి ఎక్కి దీవికి దాటేటప్పుడు "మొసలి చూపిస్తేనే డబ్బులిస్తా" అని పుట్టి నడిపే తాతను ఎవరూ అడగరు. దాటించినందుకు ఇస్తాం. ఒక్కోరోజు దూరంగా ఇసుకలో ఎండకు పడుకున్న మొసలి కనపడుతుంది, ఒక్కోరోజు కనపడదు. కనపడ్డ రోజు ఊరంతా చెప్పుకుంటాం. మన నదిమీద మనకు తెలిసిన ఈ మర్యాదనే చిలికాకు తీసుకుపోదాం అంటున్నాను.

ఈ కాగితం కింద ఒక తెల్లకాగితం అతికించాను. పైన చెప్పిన నాలుగు షరతులకు ఒప్పుకునేవాళ్లు పేరు, క్లాసు రాయండి. ఒప్పుకోనివాళ్లు కారణం రాయండి, మంచి కారణమైతే నేను మార్చుకుంటాను. శుక్రవారం క్లాసులో చందా డబ్బులు తీసేముందు ఆ కాగితం అందరికీ చదివి వినిపిద్దాం. మొదటి సంతకం నాదే. ఆ రోజు "ఇంకా దగ్గరికి పోనీ" అని అరిచిన గొంతు గనక, ముందు పెట్టాల్సింది నేనే.