ఆకాశమునకు వేలంపాట

పల్లెలలో చెరువు చేపలను వేలము వేయుట అందరు నెరిగినదే. హెచ్చుగా పాడినవానికి కొంతకాలము చేపలు పట్టుకొను హక్కు లభించును. చెరువు మాత్రము ఊరిదే. గడువుతో హక్కును తీరిపోవును. ఈ చిన్న సంగతి మనసున నుంచుకొన్నచో, మన దేశమున స్పెక్ట్రమును గూర్చి నడచిన వ్యాజ్యములు సగము బోధపడును. సెల్‌ఫోనులో మాటను మోయునవి రేడియో తరంగములు. ఒకే తావున, ఒకే తరంగముపై ఇరువురు మాటాడినచో ఒకరి మాటయు సరిగా వినబడదు. కావున ఏ తరంగములను ఎవరు వాడవలెనో ప్రభుత్వమే పంచి ఇయ్యవలసియున్నది. ఎట్లు పంచవలెననునదే తగవు.

అసలీ తరంగములు ఎవరి సొత్తు? ఈ ప్రశ్నకు సమాధానము సెల్‌ఫోను వ్యాజ్యమున గాక క్రికెట్టు వ్యాజ్యమున లభించుట విచిత్రము. 1993లో బెంగాల్ క్రికెట్ సంఘము తన పోటీల ప్రసారహక్కును ఒక విదేశీ సంస్థకు ఇయ్యగా దూరదర్శన్‌తో తగవు వచ్చినది. ఆ వ్యాజ్యమున 1995 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, ఆకాశ తరంగములు ప్రజల ఆస్తి యని తేల్చి చెప్పెను. ఆ ధర్మాసనమున వేరుగా తీర్పు వ్రాసిన జస్టిస్ బి. పి. జీవన్ రెడ్డి పూర్వము ఆంధ్రప్రదేశ్ హైకోర్టున న్యాయమూర్తిగా నుండినవారు. ప్రజల ఆస్తియైనచో ప్రభుత్వము దానికి ధర్మకర్త మాత్రమే. దేవుని మాన్యమును ధర్మకర్త తన బంధువులకు తనకు తోచిన ధరకు కౌలుకిచ్చినచో ఊరు ఊరకుండునా? 2008లో జరిగినది అట్టిదే యని వ్యాజ్యము తెచ్చినవారి వాదము.

అప్పటి పద్ధతి ‘ముందు వచ్చినవారికి ముందు’ అనునది. వినుటకు న్యాయముగనే యున్నది. రైల్వే టిక్కెట్టు కిటికీయొద్ద మనమందరమును పాటించునదే. 2007 అక్టోబరు 1లోపల దరఖాస్తులు పెట్టుకొనవలెనని టెలికాం శాఖ ప్రకటింపగా 575 దరఖాస్తులు వచ్చెను. పిమ్మట, 2008 జనవరి 10న, సెప్టెంబరు 25లోపల వచ్చినవానినే పరిశీలింతుమని శాఖ చెప్పెను. పందెము ముగిసిన పిదప గీతను వెనుకకు జరుపుట వంటిది ఇది. అంతటితో నాగలేదు. ముందు వచ్చుట యనగా దరఖాస్తు ముందు పెట్టుట గాక, షరతులు తీర్చి రుసుము ముందు కట్టుట యని అర్థమును మార్చిరి. ఆ మధ్యాహ్నము గంటలు 2:45కు కబురు. 3:30 నుండి ఆమోదపత్రముల పంపకము. కొన్ని సంస్థలు కోట్ల రూపాయల డ్రాఫ్టులను ముందుగనే సిద్ధపరచుకొని వచ్చెనని కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ తన నివేదికలో వ్రాసెను. కబురు రాకముందే వానికి సంగతి యెట్లు తెలిసినదో పాఠకులే ఊహింపవచ్చును.

ధర మాట సరేసరి. దేశమంతటి హక్కునకు 1,658 కోట్ల రూపాయలు. అది 2001 నాటి వేలమున తేలిన ధర. అప్పుడు దేశమున సెల్‌ఫోనులు 40 లక్షల చిల్లర. 2008 నాటికి 20 కోట్లు దాటినవి. 2010లో 3జి తరంగములను వేలము వేయగా దేశమంతటి హక్కు 16,750 కోట్లు పలికినది. ఆ యేడు నవంబరున బయటపడిన ఆడిటు నివేదిక, ఖజానాకు రాకపోయిన మొత్తమును ఒక లెక్క చొప్పున 57,666 కోట్లనియు, వేరొక లెక్క చొప్పున 1,76,645 కోట్లనియు చూపెను. జనుల నోట నిలిచినది పెద్ద అంకె యొక్కటే. అది యెవరో మూటగట్టుకొని పోయిన సొమ్ము కాదు, వేలము వేసియున్నచో వచ్చియుండునని ఊహించిన సొమ్ము. ఈ భేదమును విద్యార్థులు గుర్తింపవలెను. పెద్దలే పలువురు గుర్తింపలేదు.

2012 ఫిబ్రవరి 2న జస్టిస్ సింఘ్వీ, జస్టిస్ గంగూలీల ధర్మాసనము 122 లైసెన్సులను రద్దు చేసెను. ప్రకృతి సంపదను పరులకిచ్చునపుడు, విరివిగా చాటించి నిష్పక్షపాతముగా జరుపు వేలమే ‘బహుశః’ ఉత్తమమైన పద్ధతి యని ఆ తీర్పున వ్రాసిరి. వేలమే రాజ్యధర్మమన్నంత గట్టి మాటలును ఆ తీర్పుననే కలవు. మరి బొగ్గు, ఇనుపఖనిజము, భూమి మున్నగువాని సంగతి యేమి? ప్రభుత్వము కలతపడి, రాష్ట్రపతి ద్వారా సుప్రీంకోర్టు సలహానే కోరెను. సెప్టెంబరు 27న ఐదుగురు న్యాయమూర్తులు బదులిచ్చిరి. వారి చూపు ఆ ‘బహుశః’ అను మాటపై నిలిచినది. ఆ యొక్క పదము వాక్యమున నుండగా, వేలము రాజ్యాంగపు శాసనమని అర్థము చెప్పరాదని వారు తేల్చిరి. ఆదాయమును పెంచుట యొక్కటే లోకహితము గాదు; కాని ఏ లోకహితమును లేక, లాభము కొరకు నడుచు సంస్థలకు పోటీ లేకుండ కట్టబెట్టినచో అది సమానత్వపు హక్కునకు విరుద్ధమగును. స్పెక్ట్రము మట్టుకు ఫిబ్రవరి తీర్పే నిలిచినది. వ్యాకరణమున అవ్యయములను చులుకనగా చూచు విద్యార్థులకు ఇంతకంటె మంచి ఉదాహరణము దొరకదు.

వేలము వేసినచో తగవు తీరుననుకొనుటయు పొరపాటే. ఇందుకు అమెరికా అనుభవమును చూడవలెను. ధర పెంచుటను తెలుగువారు పాట యందురు. అక్కడ పాట శ్రుతి మించినది. చిన్న వ్యాపారులకని కేటాయించిన తరంగములను 1996లో నెక్స్ట్‌వేవ్ అను సంస్థ సుమారు 470 కోట్ల డాలర్లకు పాడి, పదవ వంతు మాత్రమే కట్టి, మిగిలినది వాయిదాలలో కట్టలేక 1998లో దివాలాకోర్టు నాశ్రయించెను. ప్రభుత్వ సంఘము లైసెన్సులు రద్దయినవని చెప్పి 2001లో వానిని మరల పాటకు పెట్టగా, ధర 1,600 కోట్ల డాలర్ల దరికి పోయెను. బాకీ కట్టలేదన్న కారణమున మాత్రమే దివాలాదారు లైసెన్సు లాగుకొనరాదని 2003 జనవరిలో అక్కడి సుప్రీంకోర్టు ఎనిమిదిమంది ఒకవైపు, ఒక్కరు మరియొకవైపుగా తీర్పు చెప్పినది. అన్నియేండ్లును ఆ తరంగములపై ఎవరును మాటాడుకొనలేదు.

చెరువు ఉపమానము ఇచ్చట కొంత తప్పును. ఈ యేడు పట్టని చేప వచ్చే యేటికి పెరుగును. నేడు వాడని తరంగము రేపటికి నిలువయుండదు. 2012 నవంబరున రద్దయిన తరంగములను వేలము వేసినపుడు, దేశమంతటి హక్కునకు 14,000 కోట్ల కనీసధర నిర్ణయింపగా ఢిల్లీకి, ముంబైకి పాడువారే లేరైరి. వచ్చినది 9,400 కోట్ల చిల్లర. దూరదూరములకు ప్రసరించి పల్లెలకు మిక్కిలి అక్కరకు వచ్చు 700 మెగాహెర్ట్జ్ తరంగములు 2016లోను, 2021లోను ఒక్కటియు అమ్ముడుపోలేదు. ధరను బాగుగా తగ్గించిన పిదప 2022లో గాని వానిని కొన్నవారు లేరు. ఆ ఆరేండ్లు సిగ్నలు కొరకు మిద్దెలెక్కిన పల్లె పిల్లలకు కలిగిన నష్టమును ఏ ఆడిటు నివేదికయు లెక్క కట్టలేదు. 2008లో ధర మరీ తక్కువయైనది నేరమైనచో, తరువాత మరీ యెక్కువ చేయుట పుణ్యము కాజాలదు.

నేరవిచారణ మరియొక దారిని నడచెను. 2017 డిసెంబరు 21న ఢిల్లీ ప్రత్యేక న్యాయమూర్తి ఓ. పి. సైనీ, మాజీ మంత్రి ఎ. రాజాతో సహా నిందితులందరిని నిర్దోషులని విడిచిపెట్టెను. అట్లయినచో 2012 తీర్పు తప్పా యని పలువురు అడిగిరి. కాదు. పంపకము అన్యాయమగుట వేరు. ఫలానావాడు లంచము తిన్నాడని సాక్ష్యముతో నిరూపించుట వేరు. సి.బి.ఐ. అప్పీలును ఢిల్లీ హైకోర్టు 2024 మార్చిలో విచారణకు స్వీకరించినది.

2023 చివర పార్లమెంటు చేసిన టెలికమ్యూనికేషన్ల చట్టము, స్పెక్ట్రమును వేలముననే ఇయ్యవలెనని చెప్పుచు, రక్షణ, వాతావరణ సూచన, కొన్ని ఉపగ్రహ సేవలు మొదలైనవానికి వేలము లేకుండ ఇయ్యవచ్చునని పట్టిక కూర్చెను. 2012 తీర్పును స్పష్టపరచుడని ప్రభుత్వము వేసిన అర్జీని 2024లో సుప్రీంకోర్టు రిజిస్ట్రారు తీసికొననే లేదు. ఇప్పుడు తగవు ఉపగ్రహముల నుండి నేరుగా వచ్చు ఇంటర్నెట్టుపై పడినది. ఒకే తరంగములను పలు ఉపగ్రహ సంస్థలు కలిసి వాడుకొనవచ్చును, పంచుకొను దానికి పాట యెందుకని ఆ సంస్థలు. మేము వేలకోట్లు పోసి కొన్న మార్కెట్టులోనికే వీరును వచ్చుచున్నారు, న్యాయమందరికి నొక్కటే కావలెనని నేలపై టవర్లు నిలిపిన సంస్థలు. వేలము లేకుండ, ఆదాయమున నూటికి 4 వంతులు వసూలు చేసి ఇయ్యవచ్చునని ట్రాయ్ 2025 మేలో సిఫారసు చేసెను. ఈ పంపకమును ప్రశ్నించుచు ఎవరేని కోర్టుకు పోయినచో, రెండు పక్షముల ప్లీడర్లును మొదట తెరువవలసినది ‘బహుశః’ అను మాట యున్న ఆ పుటనే.